వరుగు మరచిన వంటిల్లు

మాఘమాసపు చలి సడలి ఫాల్గుణము ప్రవేశించినది మొదలు మృగశిర కార్తెలో తొలకరి పడువరకును, తెలుగునాట ఏ మేడమీద చూచినను ఏ పెరటిలో చూచినను, ఎవ్వరికిని వెల చెల్లింపనక్కరలేని మహాసంపద యొకటి ప్రతిదినమును ధారాళముగా కురియుచుండును. దానిని మనము ఎండ యని విసుగుకొనుచు, తలుపులు బిగించుకొని, పంకాలును ఏసీలును నడుపుకొనుచు, ఎట్లో ఈ దినములు గడచిన చాలునని ఎదురుచూచుచున్నాము. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని చెప్పుకొన్న మన పూర్వులకు ఆ ఎండ తీవ్రత మనకంటె తక్కువగా తెలిసియుండదు; దానినుండి తప్పించుకొనుటకు మనకున్నన్ని సాధనములును వారికి లేవు. అయినను, మనుష్యులను మాడ్చు ఆ ఎండచేతనే సంవత్సరమునకు చాలినన్ని కూరలు ఎండించుకొని, జాడీల కెత్తి, ఆషాఢ శ్రావణములలో ముసురుపట్టి సంతకు కూరగాయ రాని దినములలో వానిని వండుకొని తృప్తిగా భుజించిన గృహవ్యవస్థ నొకదానిని వారు నిర్మించుకొనిరి. ఆ వ్యవస్థ మన కన్నులయెదుటనే శిథిలమైనది. శిథిలమైనదని విలపించుటకు గాక, దానిలో తిరిగి నిలుపుకొనదగిన భాగమేదో తేల్చుకొనుటకే యీ నాలుగు మాటలు.

ఎండబెట్టు విద్య సమూలముగా నశించినదనుట సత్యదూరము. అప్పడములు, గుమ్మడి వడియములు, సగ్గుబియ్యపు వడియములు, చల్లమిరపకాయలు ఈనాడు పూర్వముకంటెను సులభముగా లభించుచున్నవి. ప్రతి కిరాణా కొట్టులోను రంగురంగుల ప్యాకెట్లలో వ్రేలాడుచున్నవి. అమెరికాకు బయలుదేరు కుమారుని సూట్‌కేసులో పచ్చళ్ల ప్రక్కన తప్పక చోటు సంపాదించుకొనుచున్నవి. అయితే ఎండు పదార్థములలో అంగడి కెక్కినవి యేవి, ఎక్కనివి యేవి యని యొక్కింత పరిశీలించినచో విషయము వేరొక విధముగా గోచరించును. అంగడి కెక్కినవన్నియు నూనెలో వేగి, ఉప్పు కారములతో నాలుక నూరించి, అన్నముప్రక్కన నంజుకొనుటకు పనికివచ్చునవి. కాకర, దోస, గోరుచిక్కుడు, వంకాయ, టమాటా, మామిడి మొదలగువానిని ఎండబెట్టి చేయు వరుగులు, అనగా కూరకు కూరయై పులుసునకు పులుసై కుటుంబమునకంతకు ఒకపూట భోజనము సమకూర్పగల అసలైన ఆహారము, ఏ యంగడిలోను ప్రముఖముగా కానరాదు. నంజుకొనునది వ్యాపారమైనది, కూర మరపున బడినది. తయారుచేయువానికి లాభమెందులో కలదో దానిని వ్యాపారము గ్రహించుట న్యాయమే. కాని, వ్యాపారము విడిచినదానిని గృహస్థులును విడిచివేయుట వివేకము కాదు. వడియములు కొనుక్కొనినను కొనుక్కొనవచ్చును. వరుగులు మాత్రము ఇంటనే పెట్టుకొనవలయునన్నదే నా అభిప్రాయము.

ఇందులకు మొదటి కారణము కూరగాయల ధరలలోనే కలదు. మదనపల్లె టమాటా మార్కెట్టునుగూర్చి పత్రికలు చదువువారికి క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు. పంట విరివిగా వచ్చి, కోత కూలియు బండి కిరాయియు గిట్టని యేడు, రైతు కండ్లనీళ్లతో టమాటాను రోడ్డుప్రక్కన పారబోయును. 2023 జూలైలో అదే టమాటా కిలో నూరు రూపాయలు దాటి, మధ్యతరగతి గృహిణి రెండు కాయలు కొనుటకు సైతము సంశయించినది. ఈ రెండు దుఃఖములకును నడుమ గల దూరము కొన్ని నెలలే. ఒక యింటివారు పది కిలోలు కొని యెండబెట్టినంతమాత్రమున మార్కెట్టు చక్కబడునని ఆశపడుట అమాయకత్వము. గిట్టుబాటు ధర సమస్యకు ప్రభుత్వము చూపవలసిన మార్గములు వేరే కలవు. అయినను, చవుకగా దొరకిన కాలమున కొని, దొరకని కాలమునకు దాచుకొనుట యను లోకసహజమైన నీతిని బియ్యము, కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయల విషయమున నేటికిని పాటించుచున్న మనము కూరగాయల విషయమున మాత్రమే విస్మరించుట విచిత్రముగా లేదా?

వరుగునందలి కిటుకు మిక్కిలి సరళమైనది. టమాటాలో నూటికి సుమారు 94 పాళ్లు నీరే. కాకర, దోస, సొర మొదలగునవియు ఇంచుమించు అట్టివే. ఆహారమును చెరచు సూక్ష్మజీవులకు, బూజులకు ఆ నీరే జీవాధారము. నీటిని తొలగించినచో అవి చావకపోయినను వృద్ధి పొందజాలవు. పది కిలోల టమాటా సంపూర్ణముగా ఎండినపిమ్మట కిలో బరువు కూడ తూగదు. వంటింటి అలమారలో ఒక జాడీ పట్టుచోటిలో ఒక గంపెడు కాయలు ఇముడును. ఫ్రిజ్ ఆహారమందలి నీటిని అట్లే యుంచి చెడుటను ఆలస్యము మాత్రమే చేయును. దాని తలుపు తెరచినప్పుడెల్లను, విద్యుత్తు పోయినప్పుడెల్లను ఆ గడువు కొంత తరుగుచునే యుండును. ఎండ యట్లు గాక చెడుటకు మూలమైనదానినే హరించును. పిమ్మట దానిని కాపాడుటకు కావలసినది మూత బిగువుగానున్న పాత్ర యొక్కటే.

సూత్రము సరళమైనను ఆచరణము సూక్ష్మమైనది, మన స్త్రీల అనుభవ సంపద యంతయు ఆ సూక్ష్మములయందే నిక్షిప్తమై యున్నది. కాకరకాయను చక్రములుగా తరిగి, ఉప్పు పసుపు పట్టించి, ఊరిన నీటిని పిండివేసి ఎండలో పరతురు. పులిసిన మజ్జిగలో నానవేసి చేదు విరిచి ఎండబెట్టు ఇండ్లును కలవు. గోరుచిక్కుడును ఉప్పునీటిలో ఒక పొంగు రానిచ్చి, నీరు వార్చి, పిదప ఎండబెట్టుదురు. ఇట్లు ఉడుకునీట ముంచి తీయుట వలన కాయలోని జీవరసాయనిక చర్యలు నిలిచిపోయి రంగును వాసనయు చెడవని నేటి ఆహారశాస్త్రమును చెప్పుచున్నది. పచ్చిమామిడిని చెక్కుతీసి బద్దలుగా కోసి, ఉప్పు పసుపులలో ఒక రాత్రి ఊరనిచ్చి, మరునాటినుండి ఎండకు పెట్టుదురు. ముక్కలన్నియు ఒకే మందమున ఉండవలయును, లేనిచో పలుచనివి మాడిపోవును, దళసరివి లోపల పచ్చిగా నిలిచి, తక్కినవాటికిని తమ తేమ నంటించును. ముక్కపైన ముక్క పడకుండ పరచవలయును. ఈగ వాలకుండ పలుచని వస్త్రము కప్పవలయును. ప్రొద్దు గ్రుంకకమునుపే లోపలికి చేర్చవలయును, ఏలయన పగలు కోల్పోయిన తేమను రాత్రి గాలినుండి అవి మరల పీల్చుకొనును. రాయలసీమలోను తెలంగాణములోను గాలి పొడిగా నుండుటచే మూడు నాలుగు ఎండలకు సిద్ధమగు ముక్క, సముద్రతీరమందలి ఊళ్లలో అంతకెక్కువ దినములు కోరును. కావున తీరవాసులు ముక్కను మరింత పలుచగా కోసికొనుట శ్రేయస్కరము.

చల్లమిరపకాయ చేయు విధమును గమనించిన యెడల ఈ విద్య యెంత ఆలోచనతో కూడినదో తెలియును. గాటు పెట్టిన మిరపకాయలను ఉప్పువేసిన పుల్లని మజ్జిగలో నానబెట్టి, పగలు తీసి ఎండలో పోసి, రాత్రి మరల ఆ మజ్జిగలోనే వేసి, మజ్జిగ యంతయు కాయలలోనికి ఇంకిపోవువరకు ఈ క్రమమును సాగింతురు. ఉప్పు, పులుపు, ఎండ అను మూడు కాపలాలను ఒకదానివెంట ఒకటి కాయకు కల్పించు ఈ ప్రక్రియను కనుగొన్నవారు ఏ ప్రయోగశాలలోను పనిచేసినవారు కారు. ఆకుకూరల విషయమున మాత్రము తీవ్రమైన ఎండ పనికిరాదు. కరివేపాకు, మునగాకు వంటివానిని గాలి యాడు నీడలోనే ఆరబెట్టవలయును. అట్లు చేసినచో ఆకు పచ్చదనమును, అందలి విటమిన్ ‘ఎ’కు మూలమైన పదార్థమును కొంత అధికముగా నిలుచును.

ఎండబెట్టుట సగము పనియే. మిగిలిన సగము నిలువచేయుట. ఈ కాలమున ఉత్సాహపడి వరుగులు పెట్టిన పలువురు రెండు నెలలలో బూజు చూచి విరక్తి చెందుటకు కారణము మొదటి సగమును నేర్చి రెండవ సగమును నేర్వకపోవుటయే. వరుగు ఎండినదా లేదా యనుటకు వేలితో వంచి చూచుటయే పరీక్ష: వంగినచో ఇంక ఎండ కావలయును, ఫెళుక్కున విరిగినచో జాడీకి అర్హమైనది. మామిడి, టమాటాల వంటి పుల్లనివి మాత్రము తోలువలె కొంచెము సాగుట సహజము. వానిని మరియొక యెండ చూపి యెత్తుట మేలు. ఎండలోనుండి తెచ్చిన వేడి వరుగును వెంటనే మూతబెట్టరాదు. దాని వేడియే ఆవిరియై మూతకు పట్టి చెమటవలె తిరిగి దానిమీదనే రాలును. చల్లార్చి, తడి సోకని చేతితో, తడి ఎరుగని గాజుసీసాలలోనో పింగాణి జాడీలలోనో నింపవలయును. ఒక పెద్ద పాత్రకంటె నాలుగు చిన్న పాత్రలు మేలు, ఒకటి చెడినను మూడు మిగులును. వానకాలమున ముసురు విడిచి ఎండ కాచిన దినమున ఒకమారు బయట పోసి, ఆరనిచ్చి, మరల ఎత్తిపెట్టు ఆచారమును మన ఇండ్లలో వృథాగా పాటింపలేదు.

పప్పుధాన్యముల నిలువలోను ఇట్టి వివేకమే కలదు. ఒక చిన్న చెంచాడు ఆముదము కిలో కందులకో పెసలకో పట్టించినచో పెంకుపురుగు గ్రుడ్లు పొదుగజాలవు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టుటయు, బియ్యములో ఎండిన వేపాకు కలుపుటయు, జొన్నలను పాతరలలో పోసి గాలి చొరకుండ మూయుటయు ఈ విజ్ఞానపు శాఖలే. మూసిన పాతరలో ప్రాణవాయువు క్షీణించి పురుగు నశించును. అందుచేతనే పాతర తెరచినంతనే మనిషి దిగరాదనియు, చెడుగాలి పోవువరకు వేచియుండవలయుననియు పల్లెలలో హెచ్చరించుచుండిరి.

ఇచ్చట ఒక విషయమును మొగమాటము లేక చెప్పవలసియున్నది. పాతపద్ధతి యగుటచేతనే ప్రతిదియు నిరపాయకరమని భావింపరాదు. సరిగా ఎండని ధాన్యమునందు, వేరుసెనగయందు, మిరపయందు పెరుగు ఒకజాతి బూజు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1974లో అకాలవర్షమునకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను తిని రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామములలో నూరుమందికి పైగా కాలేయము చెడి మరణించిరి; మన హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే ఆ కారణమును పరిశోధించి వెల్లడించిరి. ఆ విషము మామూలు వంటవేడికి నశించునది కాదు. కావున బూజుపట్టిన వరుగును కడిగి ఎండబెట్టి వాడుకొనుట పొదుపు కాదు, ప్రమాదము. దానిని నిర్దాక్షిణ్యముగా పారవేయవలయును.

ఇక వంట. వరుగును పచ్చికాయకు దరిద్రప్రతినిధిగా భావించి వండువారు నిరాశ చెందుదురు. దాని రుచి వేరు, దాని స్వభావము వేరు. కాకర వరుగును నానబెట్టనక్కరలేదు. నూనెలో దోరగా వేచి, కొంచెము కారము చల్లి, వేడియన్నమునందు నేతితో కలుపుకొన్నచో ముసురుదినమున దానిని మించిన భోజనము వేరొకటి లేదు. గోరుచిక్కుడు, వంకాయ, దోస వరుగులను వేడినీటిలో అరగంట నానవేసి మెత్తబడినపిదప పులుసులో వేసినచో, ఎండలో చిక్కబడిన తమ సారమునంతయు ఆ పులుసున కిచ్చివేయును. మామిడి వరుగును ఉడుకుచున్న కందిపప్పులో వేసినచో చింతపండుతో పనిలేదు. మాంసాహారుల ఇండ్లలో ఎండురొయ్యలను పొడిమూకుడులో వేయించి, వేడినీట కడిగి, వంకాయతోనో గోంగూరతోనో కలిపి వండు కూర కోస్తావారికి తెలిసిన వైభవము. వీని యన్నిటియందును మరవరాని సూత్రమొకటి కలదు: ఉప్పు ఇదివరకే ముక్కలో నున్నది. నానవేసిన నీటిని పారబోసి, కూర యుడికినపిమ్మట రుచి చూచి, అవసరమైననే ఉప్పు వేయవలయును. ఎండు పదార్థములు రక్తపుపోటును పెంచునను అపఖ్యాతిలో సగము ఈ ఒక్క జాగ్రత్త లోపించుటవలననే కలిగినది.

ఎండబెట్టిన కూరలో సత్తువ యేమున్నదని ప్రశ్నించువారు కలరు. వారి మాటలో సత్యాంశము లేకపోలేదు. విటమిన్ ‘సి’ అధికభాగము ఎండకు ఆహుతియగును. తాజా కూరకు వరుగు సమానమని ఎవ్వరును వాదింపజాలరు. కాని పీచును, ఖనిజములలో అధికభాగమును నిలిచియుండును. వానకాలమున మన విస్తరిలో వరుగునకు పోటీ తాజా కూర కాదు, అంగడినుండి తెచ్చిన అప్పడమును ఆవకాయయు మాత్రమే. ఆ రెంటితో పోల్చినచో గోరుచిక్కుడు వరుగు పులుసు ఎంత మేలైన భోజనమో వైద్యుని అడిగి తెలిసికొనవలసిన పనిలేదు.

అంతకంటె గంభీరమైన ఆక్షేపణ మరియొకటి కలదు. దానికి సమాధానము చెప్పక ఈ వాదమును ముగించుట న్యాయము కాదు. పూర్వము ఈ సంపద యంతయు ఎవరి శ్రమఫలము? తెల్లవారుజామున లేచి గుమ్మడికాయలు తరిగి, మూటగట్టి రోలు బరువు పెట్టి నీరు పిండి, మినపపిండి రుబ్బి, నడిఎండలో మేడయెక్కి వడియములు పెట్టి, కాకులను తోలి, సాయంకాలమునకు మడమలు కాలి దిగివచ్చినవారు స్త్రీలే. నీడన కూర్చుండి భుజించి మెచ్చుకొన్నవారు పురుషులు. ఆ అసమానతను తిరిగి తెచ్చుటయే వరుగుల పునరుద్ధరణమైనచో అది నశించియుండుటయే మేలు. ఉద్యోగము చేసి అలసివచ్చు స్త్రీకి మరియొక బాధ్యతను, సంప్రదాయమను అందమైన పేరుతో అంటగట్టుటకు ఎవరికిని హక్కు లేదు. అయితే కాకరకాయ తరుగుటకు, పళ్లెము మేడమీదికి మోయుటకు, సంధ్యవేళ తిరిగి దించుటకు స్త్రీజన్మ మెత్తవలసిన అగత్యమేమియు లేదు. వేసవిసెలవులలో ఇంటనుండు పిల్లలును, ఆదివారము పత్రిక చదువుచు కాలక్షేపము చేయు తండ్రులును, విశ్రాంత జీవితము గడపు తాతలును ఈ పనికి సర్వవిధముల యోగ్యులు. నలుగురు పంచుకొన్నచో ఒక కుటుంబమునకు చాలినంత వరుగు పెట్టుకొనుట రెండు ఆదివారముల పని. పంచుకొననిచో అది చాకిరి.

వ్యక్తుల సంకల్పముతోనే సర్వమును సిద్ధింపదు. నేడు నగరవాసులలో అనేకులకు ఎండయే లభ్యము కాదు. పెరడు లేదు, బాల్కనీలో గంటసేపు కాచు కిరణము కోడిపిల్లకైన చాలదు, పైనున్న విశాలమైన మేడ సొసైటీవారి తాళమునందు బందీయై యున్నది. నీళ్లట్యాంకుల రక్షణము, పిల్లల భద్రత, మేడ లీకగునను భయము మొదలగు కారణములను వారు చెప్పుదురు. అవి నిరాధారములని నే ననను. కాని ఫాల్గుణమునుండి వైశాఖము ముగియువరకు, పిట్టగోడ సరిగా నున్న భాగమును కొంత వేరుపరచి, ఉదయము ఎనిమిదినుండి సాయంకాలము ఐదువరకు తెరచియుంచి, ఇంటింటికి వంతులు నిర్ణయించుట ఏ సంఘమునకును అసాధ్యమైన కార్యము కాదు. ప్రతి అంతస్తుకు పార్కింగు గీతలు గీయగల మనము మేడమీద నాలుగు గీతలు గీయలేమా?

ప్రభుత్వమును చేయదగిన పని కలదు. అప్పడములు, పచ్చళ్లు చేసి అమ్ముకొను డ్వాక్రా మహిళాసంఘములు మనకు ఊరూర కలవు. మదనపల్లె, పత్తికొండ వంటి టమాటా ప్రాంతములలో ఆ సంఘములకు సౌర డ్రయ్యర్లను సమకూర్చి, ధర పడిపోయిన వారములలో కాయలను కొని ఎండించుటకు పెట్టుబడి నిచ్చి, వరుగులను హాస్టళ్లకు, మధ్యాహ్న భోజన పథకమునకు కొనుగోలు చేయు ఏర్పాటు చేసినచో, కొంత పంటయైనను రోడ్డుపాలు కాకుండ వండుకొనువారికి చేరును. తేమ కొలుచు చిన్న పరికరమును, బూజునుగూర్చిన శిక్షణమును దానితోపాటు తప్పక ఈయవలయును. వేలితో విరిచి చూచు పరీక్ష ఇంటికి చాలును గాని, వేలమంది పిల్లల భోజనమునకు చాలదు.

ప్రభుత్వము కదలువరకు మనము వేచియుండనక్కరలేదు. వరుగులు పెట్టి యెరుగనివారు మొదటి యేడు అన్నికూరలను పైబెట్టుకొనక, తప్పు తక్కువగా జరుగు గోరుచిక్కుడునో కాకరనో రెండు కిలోలు తెచ్చి ఆరంభింపవచ్చును. అది వానకాలమున విస్తరిపై వడ్డించినపిమ్మట మరుసటి యేటికి ఎవరును ప్రోత్సహింపనక్కరలేదు. ఆ రెండు కిలోల కాయలును చెంచాడు పసుపును గుప్పెడు ఉప్పును ఎంతటి పేదయింటికిని అందుబాటులోనివే. అపార్టుమెంటువాసులకు మాత్రము అంతకుముందు చేయవలసిన పని యొకటి కలదు: ఈ ఫాల్గుణము రాకమునుపే సంఘసమావేశమున లేచి, మేడతాళముచెవి ఎవరియొద్ద నున్నదో అడుగుట.